కష్టం నుంచి విడదీసిన సుఖం

1

తెలుగులో సుఖం అనే మాట ఒంటరిగా తిరగడం తక్కువ. కష్టంతో జంట కట్టి 'కష్టసుఖాలు'గా నడవడమే దానికి అలవాటు. ఆ సమాసం వెంట వచ్చే క్రియను కూడా గమనించాలి. కష్టసుఖాలు చెప్పుకుంటాం, పంచుకుంటాం. చెప్పేవాళ్లూ వినేవాళ్లూ ఉంటే తప్ప ఆ మాటకు పని లేదు. టెక్కలి బస్టాండులోనో పలాస రైలుస్టేషన్లోనో ఎరిగినవాళ్లు ఇద్దరు ఎదురుపడితే 'ఏటి, బాగున్నారా?' అన్న పలకరింపుకు జవాబు ఒక్క మాటలో రాదు. జీడిపిక్కల ధర, వాన, పిల్లల చదువు, ఇంట్లో జబ్బు, వలస పోయినవాడి కబురు అన్నీ అయ్యాకే 'పరవాలేదు' అనే తీర్పు వస్తుంది. అంటే జనవ్యవహారంలో సుఖానికి కారణాలున్నాయి, సాక్షులున్నారు.

కారణాలూ సాక్షులూ అక్కర్లేని సుఖం ఒకదాన్ని మూడు దశాబ్దాలుగా తెలుగు పాఠకుడికి అమ్ముతున్నారు. పుస్తకాల దుకాణంలో దాని పేరు వ్యక్తిత్వ వికాసం. ఉపన్యాస వేదిక మీద పాజిటివ్ థింకింగ్. విశ్వవిద్యాలయంలో సానుకూల మనస్తత్వశాస్త్రం. ప్రభుత్వ పత్రాల్లో ఆనంద సూచిక. ఈ నాలుగు పేర్ల వెనక ఉన్న ప్రతిపాదన మాత్రం ఒకటే: నీ ఆనందం బయటి పరిస్థితిలో లేదు, ఆ పరిస్థితిని నువ్వు చూసే చూపులో ఉంది, కనుక చూపు మార్చుకో.

ఈ ప్రతిపాదనలో నిజమెంత, భ్రమ ఎంత, అది ఎవరి అవసరాన్ని తీరుస్తున్నది అన్నదే ఇక్కడి ప్రశ్న. మన విమర్శ నవలను పరిశీలించింది, కథను పరిశీలించింది, సినిమా పాటను కూడా వదలలేదు. వ్యక్తిత్వ వికాస గ్రంథాన్ని మాత్రం 'అది సాహిత్యం కాదు' అని పక్కన పెట్టింది. కాని పాఠ్యపుస్తకం కాకుండా డిగ్రీ విద్యార్థి సంచిలో ఒక తెలుగు పుస్తకం ఉంటే, అది తరచుగా ఆ జాతి పుస్తకమే. పాఠకుడి చేతిలో ఉన్నదాన్ని చదవని విమర్శ పాఠకుడి చైతన్యం గురించి మాట్లాడలేదు.

2

ఈ పుస్తకాలకు ఒక వంశం ఉంది. డేల్ కార్నెగీ మిత్రులను సంపాదించే కళ గురించి పుస్తకం వేసింది 1936లో. అమెరికా అప్పటికి ఇంకా మహా ఆర్థిక మాంద్యం నుంచి తేరుకోలేదు. చింత మాని బతకడం గురించి ఆయనే 1948లో మరో పుస్తకం రాశాడు. నార్మన్ విన్సెంట్ పీల్ అనే చర్చి బోధకుడు 1952లో సానుకూల ఆలోచనకున్న శక్తి గురించి రాశాడు. మొదట వ్యాపారి మర్యాదగా, తర్వాత మతబోధగా ఉన్న విషయం చివరకు విజ్ఞానశాస్త్రం వేషం వేసుకున్నది.

తెలుగులో ఈ ధోరణి జోరందుకున్నది 1990లలో. అంతకు ముందు 'తులసిదళం' వంటి నవలలతో పాఠకులను ఊపేసిన యండమూరి వీరేంద్రనాథ్ ఆ దశాబ్దంలో 'విజయానికి ఐదు మెట్లు' రాశారు. ఒక జనాదరణ రచయిత నవల నుంచి వ్యక్తిత్వ వికాసానికి మళ్లడం వ్యక్తిగత అభిరుచిగా మాత్రమే చూడదగిన విషయం కాదు. 1991లో దేశ ఆర్థిక విధానం మారింది. ప్రభుత్వోద్యోగం అనే ఆశ సన్నగిల్లడం మొదలైంది. అంతవరకూ ఉద్యోగం రాకపోవడాన్ని నిరుద్యోగ సమస్య అనేవారు. సమస్య అంటే దేశానిది. ఆ తర్వాత అదే విషయం నైపుణ్య లోపమయింది, ఆత్మవిశ్వాస లోపమయింది. లోపం అంటే కుర్రవాడిది. ఈ పదాల మార్పును దగ్గరుండి జరిపించిన సాహిత్యం వ్యక్తిత్వ వికాస సాహిత్యం.

'మెట్లు' అనే ప్రతీకనే తీసుకుందాం. ఈ జాతి గ్రంథాలన్నిటికీ అది ప్రాణం. మెట్టు మీద ఒక మనిషికే చోటు. పైకెక్కినవాడు కింది మెట్టును ఖాళీ చేస్తాడు తప్ప మెట్ల కట్టడాన్ని మార్చడు. కింద మిగిలినవాడు ఎందుకు మిగిలాడు అంటే, ఎక్కలేదు కనుక. ఈ నిర్మాణంలో యజమాని లేడు, కూలిరేటు లేదు, కులం లేదు, నీళ్లు లేవు. ఉన్నది మనిషి, మెట్టు.

సాహిత్య విద్యార్థికి ఇది చూస్తే పాత పరిచయం ఒకటి గుర్తుకు రావాలి. దేవులపల్లి కృష్ణశాస్త్రి 'కృష్ణపక్షం' 1925లో వచ్చింది. భావకవి తన దుఃఖాన్ని తన సొంత ఆస్తిగా ప్రకటించుకున్నాడు. దానికి లోకంలో కారణం వెతకవద్దన్నాడు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడేనాటికి కొత్త తరం ఆ ఏకాంతాన్ని ప్రశ్నించింది. దుఃఖానికి సామాజిక కారణాలున్నాయని గట్టిగా చెప్పింది. ఇప్పుడు అదే వ్యక్తివాదం తలకిందులుగా తిరిగి వచ్చింది. అప్పుడు కారణం లేని దుఃఖం, ఇప్పుడు కారణం అక్కర్లేని ఆనందం. తేడా ఒకటుంది. భావకవిత్వం భాషకు లయను, మార్దవాన్ని ఇచ్చింది, మనిషికి ఏడ్చే హక్కును ఇచ్చింది. వ్యక్తిత్వ వికాసం భాషకు నినాదాలిచ్చింది, మనిషి నుంచి ఏడ్చే హక్కును లాక్కుంది.

3

'అది సరే, బజారు పుస్తకాలను వదిలేయండి. శాస్త్రవేత్తలు కూడా ఇదే చెబుతున్నారు కదా' అనేవారున్నారు. ఆ శాస్త్రాన్ని కూడా చూద్దాం.

మార్టిన్ సెలిగ్‌మన్ 1998లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. మనస్తత్వశాస్త్రం రోగాలనే చదివింది, మనిషిని బాగా బతికించేదేమిటో చదవలేదు అని ఆయన ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది. ఆయన పేరు మొదట వినిపించింది 1967 నాటి కుక్కల ప్రయోగాలతో. కట్టేసిన కుక్కలకు ఆపలేని విద్యుద్ఘాతాలిచ్చారు. తర్వాత వాటిని చిన్న అడ్డు దాటితే తప్పించుకోగల పెట్టెలో పెట్టారు. చాలా కుక్కలు దాటలేదు. పడుకుని దెబ్బలు భరించాయి. దీనికి 'నేర్చుకున్న నిస్సహాయత' అని పేరు పెట్టారు. అక్కడి నుంచి సెలిగ్‌మన్ అడిగిన ప్రశ్న: నిస్సహాయతను నేర్చుకోగలిగినప్పుడు ఆశావాదాన్ని ఎందుకు నేర్పకూడదు? ప్రశ్న బాగానే ఉంది. కాని దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. ఆ మీట ఎవరి చేతిలో ఉంది?

2002లో ఆయన ఆనందానికి ఒక సూత్రం చెప్పాడు. పుట్టుకతో వచ్చిన స్థాయి, జీవిత పరిస్థితులు, మన వశంలో ఉన్న ప్రయత్నాలు – ఈ మూడింటి మొత్తం ఆనందం. 2005లో సోన్యా లుబోమిర్‌స్కీ, మరి ఇద్దరు పరిశోధకులు దానికి అంకెలు చేర్చారు. 50 పాళ్లు పుట్టుక, 40 పాళ్లు ప్రయత్నం, పరిస్థితులు 10 పాళ్లు. ఈ '10 పాళ్లు' ప్రపంచమంతా తిరిగింది. డబ్బు, ఇల్లు, జబ్బు, ఊరు, ఉద్యోగం అన్నీ కలిపి పదో వంతేనట. అలాంటప్పుడు వాటికోసం పోరాడడం దండగ అని వేరే చెప్పనక్కర్లేదు, లెక్కే చెప్పేస్తుంది.

ఈ లెక్కలో ఉన్న మెలికను విద్యార్థులు జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఆ పాళ్లు ఒక మనిషి ఆనందంలోని భాగాలు కావు. ఒక సమూహంలో మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడాలో ఏది ఎంత వాటా అన్న అంచనాలు. పైగా అవి ఎక్కువగా సంపన్న దేశాల సమూహాల నుంచి తీసినవి. ఈ రెండూ వేర్వేరు సంగతులని బ్రిటిష్ వైద్యుడు జెఫ్రీ రోజ్ 1985లోనే ఒక వ్యాసంలో చూపించాడు. ఊళ్లో అందరూ రోజుకు 20 సిగరెట్లు కాలిస్తే, అక్కడ ఎవరికి ఊపిరితిత్తుల కాన్సరు వచ్చింది, ఎవరికి రాలేదు అన్న తేడా సిగరెట్టు వల్ల రాదు, పుట్టుక వల్ల వచ్చినట్టు కనిపిస్తుంది. సిగరెట్టు అందరిలోనూ ఉంది కనుక లెక్కలో కనబడకుండా పోతుంది. అందరికీ సమానంగా ఉన్న కీడు గణాంకాలకు చిక్కదు. 10 పాళ్ల సూత్రం చేసిన మాయ సరిగ్గా ఇదే. తర్వాతి సంవత్సరాల్లో ఆ సూత్రకర్తల్లో ఇద్దరు తమ అంకెలను తామే పునఃపరిశీలించుకున్నారు. అప్పటికే ఆ చిత్రపటం ఉపన్యాసకుల జేబుల్లోకి చేరిపోయింది.

ఇంకో ఉదాహరణ. మనిషి వికసించాలంటే మంచి భావాలకూ చెడ్డ భావాలకూ మధ్య నిష్పత్తి 2.9013 దాటాలని 2005లో బార్బరా ఫ్రెడ్రిక్‌సన్, మార్షియల్ లొసాడా ప్రకటించారు. నాలుగు దశాంశ స్థానాల దాకా! ద్రవాల కదలికను వర్ణించే సమీకరణాలను తెచ్చి మనసుకు అంటగట్టారు. ఎనిమిదేళ్ల పాటు ఎవరూ గట్టిగా ప్రశ్నించలేదు. 2013లో నిక్ బ్రౌన్ అనే ఒక నడివయసు విద్యార్థి, భౌతిక శాస్త్రవేత్త అలన్ సోకల్‌తోనూ హ్యారిస్ ఫ్రీడ్‌మన్‌తోనూ కలిసి ఆ గణితం పూర్తిగా అర్థరహితమని నిరూపించాడు. పత్రిక ఆ గణిత భాగాన్ని ఉపసంహరించింది. ఒక విద్యార్థికి కలిగిన అనుమానం ముందు పెద్ద పేర్లు నిలవలేదన్న సంగతి మన విద్యార్థులకు ధైర్యాన్నివ్వాలి.

అంతమాత్రం చేత సానుకూల మనస్తత్వశాస్త్రం మొత్తం బూటకమని తేల్చడం విమర్శ కాదు. స్నేహం, కృతజ్ఞత, చేసే పనిలో లీనం కావడం మనిషికి మేలు చేస్తాయన్న దాని పరిశీలనలు సమంజసమైనవే. ఆ సంగతి మన తాతలకూ తెలుసు. అభ్యంతరం ఆ పరిశీలనల మీద కాదు. వాటిని పరిస్థితుల నుంచి విడదీసి, పరిస్థితులకు బదులుగా అందించడం మీద.

4

ఇప్పుడు ఆ 10 పాళ్లను ఉద్దానానికి తీసుకువద్దాం. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో మధుమేహం లేనివాళ్లకు కూడా మూత్రపిండాలు దెబ్బతింటున్న సంగతి 1990ల నుంచి వైద్యుల దృష్టిలో ఉంది. నీళ్లా, నేలా, ఎండలో చేసే శ్రమా, వాడిన మందులా అని ఎన్నో అనుమానాలున్నాయి. ఇదీ కారణమని శాస్త్రం ఇంకా తేల్చి చెప్పలేదు. జబ్బు ముదిరినవారికి వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటల చొప్పున డయాలసిస్. దానికి పోనూ రానూ ప్రయాణం. తోడు వచ్చినవాళ్లకు ఆ రోజు కూలి పోయినట్టే.

ఇదే నేల మీద 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి, పనస కుప్పకూలాయి. దేశవాళీ కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఆరేడేళ్లు పడుతుంది. అంటే ఆ రాత్రి పడిపోయింది ఒక పంట కాదు, ఒక పిల్లవాడి హైస్కూలు, కాలేజీ చదువు మొత్తం. పలాస జీడిపప్పు కార్ఖానాల్లో గింజ కొట్టే ఆడవాళ్ల వేళ్లు తొక్కలోని జీడిరసంతో పొక్కుతాయి. జబ్బు, తుపాను, పొక్కిన వేళ్లు – ఇవన్నీ కలిపి పదో వంతని లెక్క. మిగతా 40 పాళ్లు ఆ గింజ కొట్టే మనిషి చూపులో ఉన్నాయట! జెఫ్రీ రోజ్ ఉదాహరణకు ఇంతకంటే దగ్గరి ఊరు దొరకదు. ఊరంతా ఒకే నేల మీద బతుకుతున్నప్పుడు ఆ నేల లెక్కలోంచి మాయమవుతుంది. మిగిలేది నవ్వేవాడికీ ఏడ్చేవాడికీ మధ్య స్వభావభేదం మాత్రమే.

ఇక్కడ ఒక బడి సంగతి చెప్పాలి. సానుకూల మనస్తత్వశాస్త్రంలో 'మూడు మంచి విషయాలు' అనే అభ్యాసం ప్రసిద్ధం. సెలిగ్‌మన్ బృందం 2005లో దాని ఫలితాలను ప్రకటించింది. ప్రతి రాత్రీ ఆ రోజు జరిగిన మూడు మంచి సంగతులు, వాటి కారణాలు రాసుకోవాలి. మా ప్రాంతంలో ఒక హైస్కూలుకు వచ్చిన ఉపన్యాసకుడొకరు తొమ్మిదో తరగతి పిల్లల చేత దీన్ని చేయించారు. ఒక అమ్మాయి రాసిన మొదటి వాక్యం ఇది: 'ఈ రోజు మా అయ్యకి డయాలసిస్‌లో మంచం తొందరగా దొరికింది.' కారణం అన్న చోట ఏమీ రాయలేదు. ఉపన్యాసకుడు ఆ కాగితం చదివి, కష్టంలో కూడా మంచిని చూడగలిగిందని ఆ పిల్లను మెచ్చుకున్నారు. చప్పట్లు కొట్టించారు.

ఒక సాహిత్య పాఠంగా ఆ వాక్యాన్ని చదువుదాం. అందులో ఆనందం ఉంది, అబద్ధం లేదు. కాని ఆ ఆనందం అమ్మాయి చూపులోంచి పుట్టలేదు, మంచంలోంచి పుట్టింది. ఎన్ని మంచాలున్నాయి, ఎందరు రోగులున్నారు అన్న లెక్కలోంచి పుట్టింది. 'తొందరగా' అన్న ఒక్క మాటలో అంతకు ముందటి ఎన్నో వారాల నిరీక్షణ ఉంది. ఆ పిల్ల కష్టసుఖాలను కలిపే రాసింది. ఉపన్యాసకుడు అందులో సుఖాన్ని మాత్రం కోసి తీసుకున్నాడు. ఖాళీగా ఉన్న కారణం గడిని నింపడం ఆయన పని కాదనుకున్నాడు. విమర్శకుడి పని, రచయిత పని మొదలయ్యేది ఆ ఖాళీ గడి దగ్గరే.

పలాసలో 200 పడకల ఆస్పత్రి, మూత్రపిండాల పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి మంచినీటి పథకం వచ్చింది. డయాలసిస్ రోగుల పింఛను 2019లో నెలకు 10,000 రూపాయలయింది. ఇవి ఏ ఒక్కరి సానుకూల ఆలోచన వల్లా రాలేదు. ఏళ్ల తరబడి ఊళ్లు అడగగా, వైద్యులు చెప్పగా, విలేకరులు రాయగా, ఎన్నికల్లో అది ప్రశ్న కాగా వచ్చాయి. సంతృప్తి పడినవాళ్లు తెచ్చినవి కావు.

జబ్బుమనిషిని ఆనందంగా ఉండమనడంలోని క్రూరత్వాన్ని బార్బరా ఎహ్రెన్‌రైక్ తన రొమ్ము కాన్సరు అనుభవంలోంచి రాసింది. 2009లో వచ్చిన ఆమె పుస్తకం ఈ విషయంలో ముఖ్యమైనది. జబ్బు కంటే ఎక్కువగా ఆమెను బాధించింది, జబ్బును వరంలా భావించమనే ఒత్తిడి. కోపం చూపిస్తే తోటి రోగులే మందలించారు. ఈ తర్కం చివరికి ఎక్కడికి పోతుందో చూడండి. బాగుపడితే సానుకూల ఆలోచన గెలిచినట్టు. చచ్చిపోతే? ఆ మనిషి సరిగ్గా ఆలోచించలేదన్నట్టు. పూర్వం కర్మ అనే మాట చేసిన పనిని ఇప్పుడు దృక్పథం అనే మాట చేస్తున్నది.

5

ఈ భావజాలం వ్యక్తుల దగ్గర ఆగలేదు, పాలనలోకి వచ్చింది. మన దేశంలో మధ్యప్రదేశ్ 2016లో ఆనందానికి ప్రత్యేకంగా ఒక శాఖనే పెట్టింది. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018 జూలైలో ఆనంద పాఠ్యక్రమం మొదలైంది. అదే ఏడాది ఏప్రిల్లో అమరావతిలో ఆనంద నగరాల సదస్సు జరిగింది. ఆరు నెలలకు పలాస మీద తిత్లీ పడింది. రెండూ ఒకే రాష్ట్రంలో, ఒకే సంవత్సరంలో జరిగాయి. 2024 డిసెంబరు 13న విడుదలైన స్వర్ణాంధ్ర 2047 దార్శనిక పత్రం కూడా సంపద, ఆరోగ్యం, ఆనందం అనే మూడు మాటలను శీర్షానికి ఎక్కించుకుంది.

ప్రభుత్వం ప్రజల ఆనందాన్ని కోరడం తప్పా? కాదు. ఆనందాన్ని ఎలా కొలుస్తున్నారు అన్నది అసలు విషయం. 2012 నుంచి వెలువడుతున్న ప్రపంచ ఆనంద నివేదిక కొలమానం ఒక నిచ్చెన. సున్నా నుంచి పది దాకా మెట్లున్న నిచ్చెనను ఊహించుకోండి, మీరు ఏ మెట్టు మీద ఉన్నారు అని అడుగుతారు. 2025 నివేదికలో 147 దేశాల్లో మన దేశం స్థానం 118. ఈ మెట్లు మనకు అప్పుడే పరిచయమైనవి. చెప్పుకోవలసిన విశేషమేమిటంటే, ఆ నివేదికలో ఎన్నో ఏళ్లుగా మొదటి స్థానంలో ఉన్న ఫిన్లండు అక్కడికి చేరింది నవ్వు శిక్షణతో కాదు. జబ్బు చేస్తే వైద్యం, పనిపోతే భృతి, పిల్లలకు ఉచిత చదువు అనే భరోసా ఆ సమాజంలో ఉంది. నివేదిక కూడా ఆదాయాన్ని, ఆరోగ్యాన్ని, ఆపదలో ఆదుకునే మనుషులను, అవినీతిని లెక్కలోకి తీసుకుంటుంది. కాని మన దగ్గరికి వచ్చేసరికి ఆ భాగం జారిపోయి ధ్యానం, నవ్వుల క్లబ్బు, కృతజ్ఞతా పుస్తకం మిగులుతాయి. చవకైన వస్తువులే దిగుమతి అవుతాయి.

ఎవరికి చవక అన్నది ఆలోచించాలి. ఎడ్గార్ కబానాస్, ఇవా ఇల్లూజ్ 2018లో రాసిన పుస్తకంలో ఆనందం ఒక పరిశ్రమగా, ఒక పాలనా పద్ధతిగా ఎలా మారిందో వివరించారు. అమెరికా సైన్యం 2009లో సెలిగ్‌మన్ బృందం సాయంతో సైనికులకు మానసిక దారుఢ్య శిక్షణ ప్రారంభించింది. యుద్ధం ఆపడం కంటే సైనికుడి మనసును గట్టిపరచడం తేలిక. కార్ఖానాలో గాలి వెలుతురు ఏర్పాటు చేయడం కంటే పనివాళ్లకు ఒత్తిడి నివారణ తరగతి పెట్టడం తేలిక. తుపానుకు తట్టుకునే ఇళ్లు కట్టడం కంటే తట్టుకునే శక్తి ఉన్న ప్రజలని పొగడడం తేలిక. తీరప్రాంత ప్రజల సహనాన్ని ఎవరైనా వేదిక మీద పొగుడుతున్నప్పుడు, ఆ సహనం ఎవరి ఖర్చును మిగులుస్తున్నదో లెక్క వేసుకోవాలి.

6

ఇక మన వైపు చూసుకోవాలి. ఇన్ని లోపాలున్న సాహిత్యాన్ని పేదింటి కుర్రవాడు డబ్బు పెట్టి ఎందుకు కొంటున్నాడు? అమాయకుడు కనుక అనడం అహంకారం. వాడికి రేపు ఉదయం లేచి ఏం చేయాలన్న ప్రశ్న ఉంది. వ్యక్తిత్వ వికాస గ్రంథం తప్పో ఒప్పో దానికి జవాబు చెబుతున్నది. 'నువ్వు చేయగలవు' అని వాడిని పేరు పెట్టి పిలిచినట్టు పలకరిస్తున్నది. అభ్యుదయ సాహిత్యం వ్యవస్థను విశ్లేషించింది. ఆ విశ్లేషణ సరైనదే. అయితే వ్యవస్థ మారేదాకా మనిషి బతికే రోజుల గురించి అది తక్కువ మాట్లాడుతున్నది. ఉద్దానం మీద వస్తున్న కథలనూ కవితలనూ చూస్తే రోగి తరచుగా శవంగానో శవం కాబోయేవాడుగానో కనిపిస్తాడు. డయాలసిస్ గది బయట బెంచీ మీద నడిచే పరాచికాలు, ఒకరి అన్నం గిన్నె మరొకరు పంచుకోవడం, జబ్బుమనిషి కూతురి పెళ్లికి ఊరంతా పూనుకోవడం ఆ రచనల్లోకి రావడం అరుదు. సుఖాన్ని కోసేసి కష్టాన్ని మాత్రమే చూపడం కూడా ఆ సమాసాన్ని విరగ్గొట్టడమే. ఉపన్యాసకుడు ఒక సగం తీసుకుంటే మనం మరో సగం తీసుకున్నాం.

ఇక్కడి జనం నోట తరచు వినిపించే మాట 'ఏటి సేత్తాం'. బయటివాళ్లు దీన్ని నిరాశావాదమంటారు. మనస్తత్వ నిపుణుడు నేర్చుకున్న నిస్సహాయత అనవచ్చు. కాని ఆ మాట తర్వాత ఏం జరుగుతుందో గమనించండి. 'ఏటి సేత్తాం' అన్న మనిషే మర్నాడు నాలుగింటికి లేచి ఆస్పత్రి బస్సు అందుకుంటుంది, కూలిపోయిన తోటలో మళ్లీ మొక్క నాటుతుంది. అది పరిస్థితిని ఉన్నదున్నట్టు గుర్తించే మాట. భ్రమ లేని ధైర్యం. దాన్ని పట్టుకోగలిగేది కథే, ఉపన్యాసం కాదు.

మన ఉత్తరాంధ్ర కథకు ఈ చూపు కొత్త కాదు. చాసో 'వాయులీనం'లో భార్య జబ్బు ఖర్చు కోసం ఇంట్లో ఉన్న వాయులీనం అమ్ముడుపోతుంది. ప్రాణం దక్కింది, పాట పోయింది. అది సుఖాంతమా, దుఃఖాంతమా? ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోవడమే ఆ కథ గొప్పతనం. సంగీతం ఒక పేదింటి ఇల్లాలికి విలాసం కాదు, అవసరమని చాసోకు తెలుసు. బడిపంతులుగా బతికి, శ్రీకాకుళంలో 1997లో కథానిలయం నెలకొల్పిన కాళీపట్నం రామారావు 'జీవధార' మంచినీళ్లనే ఒక్క అవసరం చుట్టూ అల్లిన కథ. నీటికోసం పడే పాట్లలోనే మనుషుల మధ్య సంబంధాలను ఆయన చూపించారు. ఉద్దానం నీళ్ల గురించి రాయబోయే వారు మొదట తిరగేయవలసిన పుటలు అవి.

నిస్సహాయత సిద్ధాంతం కథ కూడా ఇక్కడ ముగించాలి. కుక్కల ప్రయోగాలు చేసిన సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ అర్ధశతాబ్దం తర్వాత, 2016లో తమ పాత సిద్ధాంతాన్ని తామే తిరగరాశారు. మెదడు మీద జరిగిన కొత్త పరిశోధనల ప్రకారం, ఎడతెగని దెబ్బల ముందు చచ్చుబడిపోవడం నేర్చుకునే విషయం కాదు, అది జీవికి సహజంగా వచ్చేది. నేర్చుకునేది దానికి వ్యతిరేకమైనదాన్ని. దెబ్బను ఆపడం తన చేతిలో ఉందని అనుభవంలో గ్రహించిన జీవి తర్వాతి దెబ్బకు లొంగదు. అంటే ఆశ అద్దం ముందు నిలబడి జపిస్తే వచ్చేది కాదు. నిజంగా ఒక మీట చేతికి చిక్కినప్పుడు పుడుతుంది. ఉపన్యాసకులు ఈ భాగం చెప్పరు. ఒక భౌతికవాదికి ఇంతకంటే అనుకూలమైన సాక్ష్యం ఆ శాస్త్రంలోనే దొరకదు.

ఇందుకు ఈ తీరంలోనే ఉదాహరణ ఉంది. సోంపేట బీల భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని రైతులు, మత్స్యకారులు కలిసి నిలబడ్డారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. టెక్కలికి దగ్గరలోని కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరి 28న మళ్లీ అదే జరిగింది. సోంపేటలో ఆ కేంద్రం రాలేదు, బీల మిగిలింది. దీన్ని ఆనందం అనలేం. పోయినవారి ఇళ్లలో ఆ మాట పలకలేం. అయితే ఆ ఊళ్లకు ఒక సంగతి అనుభవంలో తెలిసింది: మీట కదులుతుంది. ఒంటరి మనిషి చేతికి కాదు, కలిసిన చేతులకు.

కనుక ఆనందాన్ని ఉపన్యాసకులకు వదిలేసి దుఃఖాన్ని మాత్రమే మన వాటాగా ఉంచుకోవడం సరికాదు. ఆనందం ప్రజల హక్కు అని అభ్యుదయ రచయిత చెప్పాలి. దానికి మంచినీళ్లు కావాలని, మంచాలు కావాలని, కూలిరేటు కావాలని, పాటకు తీరిక కావాలని కూడా అదే వాక్యంలో చెప్పాలి. యువ రచయితలకు ఒక సూచన. ఎవరి జీవితాన్ని రాస్తున్నారో వాళ్ల దగ్గరికి కాగితం, కలం లేకుండా ఒకసారి వెళ్లండి. 'బాగున్నారా?' అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా కూర్చోండి. ఆ అమ్మాయి కాగితంలో ఖాళీగా మిగిలిన కారణం గడికి సరిపడే వాక్యం ఆ జవాబులోనే దొరుకుతుంది.